వీధిలోకి దిగిన మామయ్య

మార్చి 3, సోమవారం

మామయ్య ఇవాళ కూడా బాల్కనీలోంచి కూరగాయలావిడతో పోట్లాడారు. నాలుగో అంతస్తు నుంచి ఈయన అరుపు, కింద బండి దగ్గర నుంచి ఆవిడ అరుపు, మధ్యలో తాడుకు వేలాడుతూ మా బుట్ట. వంకాయలు ముదిరిపోయాయని ఈయన, కళ్లజోడు తుడుచుకోమని ఆవిడ.

"అంత అనుమానమైతే దిగి రా పెద్దాయనా! నీ చేత్తో నువ్వే ఏరుకుందువు గాని" అంది చివరికి.

మామయ్య బుట్ట పైకి లాక్కున్నారు. నాకు నవ్వొచ్చి నవ్వాను. ఆఫీసుకు మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం ఆ నవ్వు నిలవలేదు.

జీవితమంతా కరెంటు స్తంభాలెక్కిన మనిషి. గాలివానలో, చీకట్లో, ఒంటికాలి మీద నిలబడి తీగలు కలిపిన లైన్‌మ్యాన్. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. రెండేళ్ల కిందట మెట్ల మీద జారి పడ్డ దగ్గర్నుంచి ఆసుపత్రికి తప్ప కిందికి దిగలేదు. మా భవనానికి లిఫ్టు లేదు. కట్టినప్పుడు అందరం కుర్రవాళ్లమే, ఎవరికీ తోచలేదు.

మున్సిపల్ ఆఫీసులో నా బల్ల మీద ఉన్న ఫైలు పేరు "పెద్దలకు అనువైన ఊరు". రాబోయే పదేళ్ల ప్రణాళిక. పెద్దసారు ఏరి కోరి నాకే అప్పగించారు. "మీ ఇంట్లో పెద్దాయన ఉన్నారుగా, మీకు తెలుస్తుంది" అన్నారు.

మార్చి 6, గురువారం

సాయంత్రం ముసాయిదా చదివి వినిపించాను. మావారు పోయినప్పటి నుంచి ఇదే మా ఇద్దరి కాలక్షేపం. ఆ రోజు నేను రాసింది చదువుతాను. మామయ్య కళ్లు మూసుకుని వింటారు, నచ్చని చోట కాలి బొటనవేలు ఆడిస్తారు. ఇవాళ కాలిబాటల దగ్గర వేలు కదల్లేదు. వీధుల్లో వేసే బల్లల దగ్గర, రోడ్డు దాటే చోట్ల దగ్గర కూడా కదల్లేదు. ఉమ్మడి ఇళ్ల అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి కళ్లే తెరిచారు.

"అంటే ఏంటమ్మా అవి?"

"పెద్దవాళ్లు ముగ్గురో నలుగురో కలిసి ఒకే ఇంట్లో ఉంటారు మామయ్యా. మెట్లు లేని ఇల్లు. ఎవరి గది వాళ్లది, వంటిల్లు అందరిదీ. వంటకీ పనికీ పొద్దున ఒక మనిషి వస్తుంది. మేం గడపలు తీయించి, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు వేయించి ఇస్తాం."

"వృద్ధాశ్రమం లాంటిదా?"

"కాదు. అక్కడ ఎవరూ ఎవరికీ అధికారి కాదు. కలిసి ఉండాలనుకున్నవాళ్ల ఇల్లు, అంతే."

"బాగుందే!" అన్నారు.

పొంగిపోయాను. నేను రాసింది బాగుందన్నారనుకున్నాను.

మార్చి 9, ఆదివారం

ఇంటింటి సర్వేకి రిటైరైనవాళ్లనే పెట్టుకున్నాం. ఇవాళ మా ఇంటికి వచ్చినావిడ ఒకప్పటి ఆసుపత్రి నర్సు. డెబ్బై దాటి ఉంటుంది. ఊరందరికీ నర్సమ్మ గారే. మొన్న ఈ ప్రణాళిక మీద మేం పెట్టిన సభలో లేచి, "బల్లలు వేస్తారు సరే, ఇంట్లోంచి ఆ బల్ల దాకా మమ్మల్ని ఎవరొచ్చి దించుతారు?" అని అడిగి పెద్దసారు చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది ఈవిడే.

మెట్లెక్కి వచ్చి సోఫాలో కూలబడింది. మామయ్య మంచినీళ్లిచ్చి, "ముందు మీ నాడి చూడాలా, నా జవాబులు రాసుకుంటారా?" అన్నారు.

"మీ జవాబులే చెప్పండి. ఇంట్లోంచి బయటికి ఎప్పుడెప్పుడు వెళ్తుంటారు?"

మామయ్య నావైపు చూశారు. "బాల్కనీ లెక్కలోకి వస్తుందా?"

"రాదు."

"అయితే వెళ్లడని రాసుకోండి."

నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లాను.

సర్వే కాసేపట్లో అయిపోయింది కానీ ఆవిడ మాత్రం లేవలేదు. ఆపరేషన్ సగంలో ఉండగా కరెంటు పోయిన రోజుల గురించి ఆవిడ నిలదీస్తే, తప్పు తీగలది కాదు, మీ ఆసుపత్రి జనరేటర్‌దని ఈయన. వాళ్ల వాదన చూస్తే నిన్న జరిగినట్టే ఉంది. ఉన్నట్టుండి మామయ్య పగలబడి నవ్వారు. చేతిలో టీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయాను. అచ్చం మావారి నవ్వు. ఆ నవ్వు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నాళ్లూ మర్చేపోయాను.

బజారు వీధిలో ఆవిడకు సొంత ఇల్లుంది. ఒక గదిలోకి రిటైరైన టైపు మాస్టారొకరు వస్తున్నారట. ఇంకో గది ఖాళీ. ఈ సంగతులు ఆవిడ నాకు చెప్పలేదు, మామయ్యకు చెప్పింది. నా చెవిన పడ్డాయి.

మార్చి 15, శనివారం

భోజనం చేస్తూ మామూలు మాట చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, నర్సమ్మ గారింట్లో ఆ గదిలోకి నేను వెళ్తాను."

"ఏ గది?" అన్నాను, విననట్టు.

"అదే, నువ్వు రాశావుగా. ఉమ్మడి ఇల్లు."

"అది వేరేవాళ్ల కోసం మామయ్యా."

"ఎవరి కోసం?"

"ఎవరూ లేనివాళ్ల కోసం."

"అలా రాయలేదే నువ్వు. కలిసి ఉండాలనుకున్నవాళ్లకి అని చదివావు."

లేచి గిన్నెలు తోమాను. తోమినవే మళ్లీ తోమాను.

నాకేం బాధ లేదు. ఆయన ఇష్టం ఆయనది.

మార్చి 16, ఆదివారం

బాధేం లేదు. రాత్రి నిద్ర పట్టలేదు, ఉక్కపోత.

మార్చి 18, మంగళవారం

నేను ఏం తక్కువ చేశాను? వేడినీళ్లు పెట్టి ఇస్తున్నాను. మందులు వేళకి అందిస్తున్నాను. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేసి తిన్నారా అని అడుగుతున్నాను. కిటికీ పక్కకు కుర్చీ మార్చాను, రేడియో కొన్నాను. మావారు పోయాక పుట్టింటికి రమ్మంటే కూడా వెళ్లలేదు. ఆయన్ని వదిలి ఎలా వెళ్లను?

డ్రాయింగు సెక్షన్ ఆవిడ నాకు పాతికేళ్ల స్నేహితురాలు. ఆవిడతో చెప్పుకున్నాను. అంతా విని, "నీ బతుకు నిన్ను బతకమని తప్పుకుంటున్నారేమోనే" అంది.

అవును, అదే అయి ఉంటుంది! ఆయన మనసు నాకు తెలీదా? నాకు బరువు కాకూడదని వెళ్తానంటున్నారు. పిచ్చి మామయ్య. బరువు కాదని నచ్చజెప్తే ఆగిపోతారు.

ఇవాళ హాయిగా నిద్రపడుతుంది.

మార్చి 23, ఆదివారం

నిన్న భవనంలోని వాళ్లందరినీ కూర్చోబెట్టి లిఫ్టు మాటెత్తాను. కింద ఉన్నవాళ్లు మాకెందుకన్నారు. మధ్యవాళ్లు ఆలోచిద్దామన్నారు. ఆలోచిద్దామంటే ఏమిటో ఆఫీసులో పనిచేసేదాన్ని, నాకు తెలీదా.

అయినా పట్టు వదల్లేదు. ఇవాళ కాపలా అబ్బాయినీ ఇస్త్రీ అతన్నీ పిలిచి మామయ్యను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపించాను. కాసేపు వీధిలో తిప్పుదాం, దిగాలన్న కోరిక తీరుతుంది కదా అని. దారిలో ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి. "అయ్యో, ఏమైంది?" అని ఒకరు, "ఏ ఆసుపత్రికి?" అని ఒకరు. మామయ్య కుర్చీ చేతులు బిగించి పట్టుకుని కళ్లు మూసుకున్నారు. కిందికి చేరాక కూడా వెంటనే తెరవలేదు. వీధి చివరిదాకా పోదామంటే తల అడ్డంగా ఊపారు.

పైకి వచ్చాక మెల్లగా అన్నారు. "అమ్మా, మనిషిని నలుగురు మోసేది ఒక్కసారే. ఆ ఒక్కసారికి ఇంకా టైముంది. ఈలోగా ఇలాంటివి చెయ్యకు."

నవ్వుతూనే అన్నారు.

మార్చి 26, బుధవారం

ఆడపడుచుకు ఫోన్ చేసి చెప్పాను. తండ్రి విషయం కూతురికి తెలియాలి కదా, అందుకే చెప్పాను. వేరే ఉద్దేశమేం లేదు.

ఇల్లు పీకి పందిరేసింది. "వదినా, అన్నయ్య పోయి మూడేళ్లు తిరక్కుండానే మా నాన్న నీకు బరువైపోయాడా? రేపు నలుగురూ ఏమంటారు? ముసలాణ్ని ఎవరింట్లోనో పడేసిందంటారు. నిన్నే కాదు, నన్నూ అంటారు!"

"నేను వద్దనే అంటున్నాను. నువ్వే చెప్పు ఆయనకి" అని ఫోన్ మామయ్యకు ఇచ్చాను.

పక్క గదిలో ఉన్నా వినబడింది. ఆయన వైపు నుంచి వచ్చినవి "ఊఁ", "ఊఁ", "ఏడవకమ్మా", "సరేలే". ఫోన్ నా చేతికిస్తూ, "ఇంక ఆ మాట వదిలేద్దాం" అన్నారు.

"మీ ఇష్టం మామయ్యా" అన్నాను.

ఎంత మంచిదాన్నో నేను.

మార్చి 29, శనివారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మార్చి 31, సోమవారం

కూరగాయలావిడ కింద నుంచి కేకేసింది. మామయ్య కుర్చీలోంచి లేవలేదు. బుట్ట నేనే దింపాను. ముదిరిన వంకాయలు అంటగట్టింది.

ఏప్రిల్ 2, బుధవారం

కంచంలో అన్నం సగం వదిలేశారు. ఎండలు మొదలయ్యాయి కదా, ఆకలి మందగిస్తుంది.

ఏప్రిల్ 3, గురువారం

ముసాయిదా చదవబోతే, "ఇవాళొద్దమ్మా, తలనొప్పిగా ఉంది" అన్నారు. నిన్న కూడా తలనొప్పే.

ఎండల వల్లే.

ఏప్రిల్ 8, మంగళవారం

ఉమ్మడి ఇళ్లకు నమూనాగా ముందు తీసుకున్న ఇల్లు నర్సమ్మ గారిదే. కడ్డీలు సరిగ్గా వేశారో లేదో చూసి రమ్మని పెద్దసారు పంపారు. ఇంకెవరినైనా పంపండి అనబోయాను. కారణం అడిగితే ఏం చెప్పాలో తోచక వెళ్లాను.

బజారు వీధి మలుపులో పాత ఇల్లు. వీధికీ ఇంటికీ మధ్య ఒక అరుగు, దాని పక్కన కొత్తగా పోసిన వాలుదారి. అరుగు మీద టైపు మాస్టారు కూర్చుని ఉన్నారు. జీవితమంతా టైపు మిషన్ల చప్పుడు మధ్య గడిపి చెవులు పాడు చేసుకున్న మనిషి. నన్ను చూడగానే వీధంతా వినబడేలా "లైన్‌మ్యాన్ గారు రాలేదా?" అని అరిచారు.

"రారండీ" అన్నాను.

"ఎప్పుడొస్తారూ?"

"రారు!" అని నేనూ అరవాల్సి వచ్చింది. దారినపోయేవాళ్లు తిరిగి చూశారు. అంత గట్టిగా ఆ మాట అంటుంటే నా గొంతు నాకే వేరేవాళ్ల గొంతులా వినబడింది.

కడ్డీలు పట్టుకుని లాగి చూశాను. గట్టిగానే ఉన్నాయి. నర్సమ్మ గారు మామయ్యకని అనుకున్న గది తెరిచి చూపించింది. చిన్న గది. మంచం తల కిటికీ వైపు. కిటికీ తెరిస్తే వీధి చేతికందేలా ఉంది. ఎదురుగా క్షౌరశాల, పక్కన సైకిళ్లు బాగుచేసే కొట్టు, ఆ పక్కన మందుల షాపు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఎవరో బేరం తెగక వెళ్లిపోతున్నారు. పని చూసుకుని వచ్చేయాల్సినదాన్ని, మంచం అంచున కూర్చుండిపోయాను.

"వేరేవాళ్లకి ఇచ్చేయండి ఈ గది" అన్నాను.

"ఇస్తాలే. నాకేం తొందర?" అని ఆవిడ కిటికీ రెక్కకు చీల పెట్టింది. "మీ మామయ్య నీ మీద అలిగి రావాలనుకున్నాడేమో అని నీ అనుమానం కదూ?"

"అలిగి కాదండీ. నాకు బరువు కాకూడదని."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "అడిగావా ఆయన్ని?"

అడగలేదు.

ఇంటికి వస్తూ రెండో అంతస్తు దగ్గర మోకాలు కలుక్కుమంది. మెట్ల మీదే కూర్చున్నాను. నాకూ యాభై మూడు. రాబోయే పదేళ్ల ప్రణాళిక రాస్తున్నాను కానీ, పదేళ్ల తర్వాత ఈ మెట్లు ఎక్కేది నేనేనని ఎప్పుడూ అనుకోలేదు. అప్పుడు నాలుగో అంతస్తులో కుర్చీ కిటికీ పక్కకు ఎవరు జరుపుతారు? ఒకవేళ జరిపినా నాకది సరిపోతుందా?

ఏప్రిల్ 9, బుధవారం

అడిగాను.

ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా ఆయన ఎదురుగా కూర్చుని అడిగేశాను. "మామయ్యా, మీరు నాకు బరువవుతానని వెళ్తానన్నారా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నీకోసమా? అంత త్యాగం నా ఒంట్లో ఎక్కడుందమ్మా? నాకోసమే!"

బ్యాగు అప్పుడు దించాను.

"నువ్వు నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నావు. కాదన్నవాడి కళ్లు పోతాయి. కానీ పొద్దున నువ్వెళ్తే సాయంత్రం దాకా ఈ గోడలే. నువ్వొచ్చేసరికి అలిసిపోయి ఉంటావు. నీతో తగువు పెట్టుకోవడానికి కూడా నాకు మనసొప్పదు. నాకు తగువు పెట్టుకునేవాళ్లు కావాలి. మందుల షాపువాడు చిల్లర తక్కువిస్తే నేనే నిలదీయాలి. గడ్డం నేను గీసుకోకూడదు, వీధిలో కూర్చుని ఊరి కబుర్లు వింటూ గీయించుకోవాలి. అంతే. ఇంకేం లేదు."

"మరి మానేస్తానన్నారుగా?"

"కూతురు ఏడిచింది. నువ్వు ఏడవలేదు గానీ అంతకంటే ఎక్కువే చేశావు. గిన్నెలు అరిగిపోయేలా తోమావు." నా వైపు చూడకుండా అన్నారు. "ఇంకో మాట. వాడు పోయాక మనం ఒకళ్లకొకళ్లం కాపలా కాస్తున్నాం. నేను చూస్తానని నువ్వు ఏడవవు. నువ్వు చూస్తావని నేను ఏడవను. ఈ ఇంట్లో వాడి పేరెత్తి ఎన్నాళ్లయిందో చెప్పు."

చెప్పడానికి నోరు తెరిస్తే మాటకు బదులు ఏడుపొచ్చింది. మామయ్య కూడా కళ్లజోడు తీసేశారు. ఎవరూ ఎవరినీ ఊరుకోబెట్టలేదు. చాలాసేపయ్యాక ఆయనే మావారి చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పారు. స్తంభమెక్కుతానని బయల్దేరి, కిటికీ ఊచలెక్కి చొక్కా చిక్కుకుని వేలాడాడట. నాకిన్నేళ్లుగా తెలియని సంగతి. ఇంకోటి చెప్పమన్నాను. ఇంకోటి చెప్పారు.

వంట చేయలేదు. రొట్టె తిని పడుకున్నాం.

ఏప్రిల్ 10, గురువారం

ఆడపడుచుకు నేనే ఫోన్ చేశాను. "మీ నాన్నగారు ఆదివారం నర్సమ్మ గారింటికి మారుతున్నారు. నేను దగ్గరుండి తీసుకెళ్తున్నాను."

"నువ్వేగా వద్దన్నావు వదినా?"

"అన్నాను. నీ చేత కూడా అనిపించాను. ఆయన్ని ఆపింది నువ్వు కాదు, నీ భుజం మీద తుపాకి పెట్టి నేనే."

"నలుగురూ ఏమన్నా అంటే?" అంది. ఈసారి గొంతులో కోపం లేదు, బెంగ ఉంది.

"అననీ. ఆ నలుగుర్నీ బజారు వీధికి పంపు. మీ నాన్నగారే జవాబు చెప్తారు, అంతకంటే ఆయనకి కావాల్సిందేముంది?"

నవ్వింది. ఆదివారం వస్తానంది.

ఆఫీసులో ముసాయిదా తిరగేశాను. సిగ్గేసింది. పేజీ పేజీకీ పెద్దలను "కూర్చోబెట్టాలి", "దాటించాలి", "నడిపించాలి", "సురక్షితంగా ఉంచాలి". అన్నీ మనం వాళ్లకు చేసేవే. కూర్చునేదీ దాటేదీ నడిచేదీ వాళ్లు కదా! ఎర్ర పెన్ను తీసుకుని కొట్టేస్తూ పోయాను. కూర్చోవడానికి, దాటడానికి, ఉండడానికి. సాయంత్రానికి పెన్ను అయిపోయింది.

ఏప్రిల్ 13, ఆదివారం

మామయ్య దిగారు. తన కాళ్ల మీద తనే దిగారు.

కుర్చీలో మోయించుకోనన్నారు, భుజం పట్టుకోనన్నారు. "రెయిలింగు ఉంది, పొద్దంతా ఉంది. తొందరేముంది?" అన్నారు. నిన్న సాయంత్రం నేను అంతస్తు అంతస్తుకూ వెళ్లి, మలుపులో ఒక కుర్చీ వేసి ఉంచమని అడిగాను. లిఫ్టుకు కుదరదన్నవాళ్లే, కుర్చీకి కూడా కుదరదంటారేమోనని భయపడుతూనే అడిగాను.

మూడో అంతస్తులో కుర్చీతో పాటు కుర్చీ మీద దిండు కూడా ఉంది. అక్కడ కూర్చుని టీ తాగారు. రెండో అంతస్తులో ఉండేది బ్యాంకాయన. మామయ్య కూర్చోగానే ఆయన మెట్ల మీద చతికిలబడి, తన మోకాళ్ల కథంతా వినిపించాడు. యాభై దాటలేదు, అప్పుడే మొదలయ్యాయట. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదట. "లిఫ్టు సంగతి మళ్లీ ఒకసారి కూర్చుని మాట్లాడదామండీ" అన్నాడు నాతో, మెల్లగా. మొదటి అంతస్తు దగ్గర మామయ్య కాళ్లు వణికాయి. ఆడపడుచు "నాన్నా" అని ముందుకు ఉరికింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన ఆగి, ఊపిరి పీల్చుకుని, "స్తంభం దిగడం కంటే ఇదే కష్టంగా ఉందర్రా" అని మళ్లీ కాలు వేశారు.

కిందికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చివరి మెట్టు మీద ఒక్క క్షణం నిలబడి, రెండు కాళ్లూ నేల మీద ఆనించి, పక్కకు చూసి, "ఈ గోడకి రంగెప్పుడు వేశారు?" అన్నారు. పక్కింటి ప్రహరీ సంగతి. ఎప్పుడు వేశారో నేనూ గమనించలేదు.

ఆటోలో ఆడపడుచు ఆయన చెయ్యి వదల్లేదు. నర్సమ్మ గారింట్లో మంచం నొక్కి చూసింది, దుప్పటి విప్పి చూసింది, వంటమనిషిని ఉప్పు తగ్గించమంది, అన్నీ అయ్యాక అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. టైపు మాస్టారు "ఎందుకేడుస్తోందీ?" అని అరిచారు. మామయ్య అంతకంటే గట్టిగా, "నన్ను చూసి కుళ్లుకుంటోందీ!" అని అరిచారు.

అందరం నవ్వాం. నాకు నిజంగానే కొంచెం కుళ్లుగా ఉంది.

ఏప్రిల్ 14, సోమవారం

ఇద్దరికీ సరిపడా వండేశాను.

మావారి ఫోటో బీరువాలోంచి తీసి ముందుగదిలో పెట్టాను. మామయ్య చూస్తే బాధపడతారని ఇన్నాళ్లూ లోపల పెట్టాను. ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. మధ్యలో ఆపి ఏడ్చాను. తర్వాత మిగతాది తిన్నాను.

ఏప్రిల్ 24, గురువారం

ప్రణాళిక పెద్దసారుకి ఇచ్చాను. ఉమ్మడి ఇళ్ల అధ్యాయం చదివి, "దీనికి జనం ఒప్పుకుంటారంటారా? మన ఇళ్లల్లో పిల్లలకి నామోషీ కదా" అన్నారు.

"నాకూ నామోషీగానే ఉండేది సార్" అన్నాను. "మా మామయ్య అక్కడే ఉన్నారు."

ఆయన కళ్లజోడు సర్దుకుని, ఆ అధ్యాయం మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. వాళ్ల అమ్మ ఎక్కడుంటోందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. చదవడం అయ్యాక, "ఆ ఇల్లు ఒకసారి చూడొచ్చా?" అన్నారు.

ఫోన్‌లో చెప్తే మామయ్య, "రమ్మను. బజారు వీధిలో దీపాలు ఆరిపోయి ఉన్నాయి, నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు.

మే 4, ఆదివారం

చెప్పకుండా వెళ్లాను. ఆశ్చర్యపోతారని.

మామయ్య ఇంట్లో లేరు.

గది తలుపు తీసే ఉంది. మంచం మీద దుప్పటి సగం మడిచి ఉంది. ఫోన్ ఛార్జింగులో ఉంది, నిన్న నేను చేసిన కాల్స్ అన్నీ దాని మీద పేరుకుని ఉన్నాయి. నర్సమ్మ గారు పూలమొక్కలకు నీళ్లు పోస్తూ, "ఇప్పుడే ఇక్కడే ఉన్నాడే! మాస్టారూ ఆయనా ఎటో వెళ్లారు. చెప్పి వెళ్తే నేనేం కట్టేస్తానా?" అని విసుక్కుంది.

రెండేళ్లుగా నేను ఎప్పుడు తలుపు తీసినా ఆయన లోపల ఉండేవారు. ఇంట్లో లేరంటే ఏం చేయాలో నాకు తోచలేదు. రోడ్డు ఎలా దాటారో, ఎండలో టోపీ పెట్టుకున్నారో లేదో. వీధి చివరిదాకా వెళ్లి చూద్దామని లేచి, మళ్లీ కూర్చున్నాను. వెతుక్కుంటూ వెళ్తే బాగుండదు.

అరుగు మీదే కూర్చుని వీధిని చూస్తూ ఉన్నాను. సైకిలు కొట్టు ఆయన "లైన్‌మ్యాన్ గారి కోడలా?" అని పలకరించాడు. మందుల షాపు ఆయన చూసి తలవంచుకున్నాడు. చిల్లర తగువు జరిగే ఉంటుంది.

చివరికి మలుపులో కనబడ్డారు. టైపు మాస్టారి పక్కన, చేతికర్ర ఊపుకుంటూ, ఆగుతూ, ఏదో వాదిస్తూ, మళ్లీ నడుస్తూ. గడ్డం నున్నగా గీయించుకున్నారు. నన్ను చూశారు. అయినా నడక పెంచలేదు, వాదన ముగించుకునే వచ్చారు.

"ఎంతసేపయిందమ్మా వచ్చి?"

"ఇప్పుడే మామయ్యా."

"వచ్చేముందు ఒక మాట చెప్పొద్దూ? నాకు పనులుంటాయి."

వచ్చే ఆదివారం ఖాళీయేనా అని అడిగాను. కాసేపు ఆలోచించి, సాయంత్రమైతే కుదురుతుందన్నారు.